‘చెత్త’ అనే ఫోల్డరు

జూన్ 2

ఈ డైరీ ఏదో కంపెనీవాళ్ళు ఊరికే పంచిపెట్టింది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి తీశాను. ఇంట్లో గొణుక్కోవడానికి మనిషి లేకపోతే ఏం చేస్తాం మరి.

అంటే, మనిషి ఉంది. మా ఆవిడ పక్క గదిలోనే ఉంది. మార్చిలో గొంతుకి ఆపరేషన్ చేసి, గడ్డతోపాటు ఒక స్వరతంత్రి కూడా తీసేశారు. నేను గొణిగితే ఆవిడ ఊరుకోదు, బదులు చెబుతుంది, శ్రమ పడుతుంది. మాట్లాడించి శ్రమ పెట్టొద్దని పెద్ద డాక్టరు ఆసుపత్రిలోనే చెప్పాడు. అందుకని ఆవిడకి ఒక చిన్న ఇత్తడి గంట కొనిచ్చాను. ఏం కావాలన్నా మోగిస్తే చాలు, వెళ్తాను. నా గొణుగుడు మాత్రం ఇకనుంచి ఇందులోనే.

సంగతేమిటంటే, హార్డ్ డిస్క్ తెరుచుకోవడం లేదు. దానంతటదే ఆగిపోయింది. కేబుల్ పెడితే నీలం లైటు వెలుగుతుంది, లోపల టిక్ టిక్‌మని కొట్టుకుంటుంది, ఆరిపోతుంది. కంప్యూటరేమో అలాంటి వస్తువుని జన్మలో చూడనట్టు మొహం పెడుతుంది.

జూన్ 3

కేబుల్ మార్చాను. అదే టిక్కు.

జూన్ 4

ఇవాళ వేరే కంప్యూటర్‌కి పెట్టి చూశాను. ‘ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయమంటారా?’ అని అడిగింది. ఇల్లు కాలుతోందని చెబితే తలుపులకి రంగు వెయ్యమంటారా అన్నట్టు.

కంగారేం లేదు. పోయింది పెద్ద నిధేం కాదు. మా ఆవిడ చూపులేనివాళ్ళ గ్రంథాలయం కోసం ఎనిమిదేళ్ళు పుస్తకాలు చదివింది. వంటింటి పక్కనున్న సామాన్ల గదికి నాలుగు వైపులా పాత పరుపులు కట్టి, నేను రికార్డు చేసేవాణ్ణి. తరవాత కూర్చుని శుభ్రం చేసేవాణ్ణి. రేడియోలో చేసినన్నాళ్ళూ నా పని అదే. దగ్గు, తడబాటు, పేజీ తిప్పిన చప్పుడు, కుర్చీ కిర్రు, వాక్యానికి ముందు పీల్చే గాలి, అన్నీ కోసేస్తాను. నేను కోసినచోట అతుకు కనిపెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. శుభ్రం చేసినవన్నీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. కొయ్యకముందు ఎలా రికార్డయిందో అలాగే ఉన్న పాత ఫైళ్ళే ఈ డిస్క్‌లో ఉన్నవి. ఆ ఫోల్డరుకి నేనే పేరు పెట్టాను, ‘చెత్త’ అని.

చెత్తకి రెండో కాపీ ఎవరు పెట్టుకుంటారు? ప్రపంచానికంతా రెండు కాపీలు పెట్టుకోండని ఊదరగొట్టేవాణ్ణి నేనే అనుకోండి.

అయినా పాత రికార్డింగులు దగ్గర ఉండాలి. అదొక పద్ధతి. అంతకుమించి ఏం లేదు.

జూన్ 5

ఈ డిస్క్ కొన్నవాళ్ళందరూ ఏం రాశారో చదువుతూ మధ్యాహ్నమంతా గడిపాను. నాలాంటివాళ్ళకో ఊరే ఉంది అక్కడ.

ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చాడు. ‘పెట్టె చాలా గట్టిగా ఉంది. ఇంకా తెరవలేదు’ అన్నాడు. ఒకావిడ పెళ్ళి వీడియో పోయిందట. ‘మావారు మళ్ళీ చేసుకుందామంటున్నారు, ఆలోచిస్తున్నాను’ అని రాసింది. ఒక పరిశోధక విద్యార్థి, ‘ఒక నక్షత్రం కూడా ఇవ్వను, కానీ ఒకటైనా ఇవ్వకపోతే రాయనివ్వడం లేదు’ అని ఏడ్చాడు. ఒకతనికి మాత్రం నీలం లైటు బాగా నచ్చింది. పడగ్గదిలో పెట్టుకున్నాడట, చంటివాడు భయపడకుండా నిద్రపోతున్నాడట. లోపల ఏం దాచాడో రాయలేదు. ఏమీ దాచకపోవడమే అతని సుఖానికి కారణం అయుండాలి.

నేను కూడా రాశాను. ‘చక్కగా పనిచేస్తున్న వస్తువు ఏ కారణమూ లేకుండా ఆగిపోయింది. కొనుక్కునేవాళ్ళు జాగ్రత్త. ఒక నక్షత్రం.’ పంపలేదు. ఇంకా ఘాటుగా ఉండాలి.

ఆవిడ గంట మోగించింది. వెళ్తే మందుల చీటీ చూపించింది. నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఏం అక్కర్లేదు, తెస్తాను అన్నాను. మందులు అయిపోయి ఉంటాయి, అంతకన్నా ఏముంటుంది?

జూన్ 6

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. సంగీతం, సంగీతం, మళ్ళీ సంగీతం. తరవాత ఒక అమ్మాయి పలికింది. మంచి గొంతే కానీ ప్రతి వాక్యానికి ముందు గాలి పీల్చేస్తుంది. నేనైతే అవన్నీ కోసేద్దును.

“మీ డిస్క్ ఇంకా వారంటీలోనే ఉంది సార్. తెచ్చి మా కౌంటర్‌లో ఇచ్చేయండి. కొత్తది ఇచ్చేస్తాం.”

“కొత్తది నాకెందుకమ్మా? దీంట్లో ఉన్నవి కావాలి.”

“లోపల ఉన్నవాటికి కంపెనీ బాధ్యత వహించదు సార్.”

“మరి దేనికి వహిస్తుంది?”

“డిస్క్‌కి సార్.”

“కుండ ఇస్తాను, నీళ్ళు నావి కావు అన్నట్టుందే!”

ఆ అమ్మాయి నవ్వింది. వెంటనే తమాయించుకుని, “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్” అంది. ఆ నవ్వు మాత్రం కొయ్యబుద్ధి కాలేదు.

జూన్ 7

బావమరిది వచ్చాడు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. ఈ డిస్క్ నాకు కొనిపించిన మహానుభావుడు వీడే. వీడు కొనిపించిన మిక్సీ, వీడు కుదిర్చిన ప్లంబరు, వీడు చెప్పిన దగ్గరిదారి, అన్నీ ఒక్క తానులో ముక్కలే.

“ఇనపముక్క బావా, దీనికేమవుతుందని చెప్పానుగా!”

“ఇనపముక్క లాగే ఉంది ఇప్పుడు.”

“అంత ముఖ్యమైనవి ఏమున్నాయేంటి అందులో?”

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. “ఏం లేవు. పాత ఫైళ్ళు” అన్నాను.

ఆవిడ ఏదో అంది. తమ్ముడితోనే అంది. గరుకు కాగితం గోడకి రుద్దినట్టు వచ్చింది మాట. వాడు దగ్గరికెళ్ళి, “ఏంటక్కా, మళ్ళీ చెప్పు” అన్నాడు. మళ్ళీ చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారో నాకు తెలియదు. వాడికి బుద్ధి ఉండాలి, మళ్ళీ మళ్ళీ చెప్పించడానికి.

జూన్ 8

డిస్క్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందని రివ్యూల్లో ఒకాయన రాశాడు. అతనిది బతికిందట. కింద ముగ్గురు అతనికి దణ్ణాలు పెట్టి వెళ్ళారు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు.

పెట్టాను.

జూన్ 9

పొద్దున్నే మా ఆవిడ దాన్ని తీసి, తుడిచి, బల్ల మీద తువ్వాలు వేసి దాని మీద పెట్టింది. నేను వెళ్ళేసరికి దాని ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతోంది.

“ఇదేంటండీ,” అంది, “కూరా?”

హాస్యమే. నాకు తెలుసు అది హాస్యమని. ఆ గొంతులోంచి వచ్చేసరికి నాకు నవ్వు రాలేదు. నువ్వు మాట్లాడకు, గంట ఉందిగా అన్నాను.

ఆవిడ కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. కేబుల్ పెడితే డిస్క్ ఇంకా టిక్కుమంటూనే ఉంది, కాకపోతే చల్లగా.

జూన్ 10

స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్న పిల్ల. మాకంటూ ఒక అమ్మాయి పుట్టి ఉంటే ఆ వయసే ఉండేది. మా ఆవిడ చేత ‘ఆ’ అనిపించింది, ‘ఈ’ అనిపించింది, గడియారం చూస్తూ రాసుకుంది. తరవాత పెన్ను కింద పెట్టింది.

“పోయినసారికంటే తగ్గిందండీ. ఇంట్లో మాట్లాడటం లేదా?”

మా ఆవిడ సంచీలోంచి గంట తీసి బల్ల మీద పెట్టింది. అది తెచ్చిందని నాకు తెలియదు.

“ఎవరు కొన్నారిది?”

“నేనే” అన్నాను. “పెద్ద డాక్టరుగారు శ్రమ పెట్టొద్దన్నారు.”

“అది కుట్లు ఆరేదాకా. అవి ఎప్పుడో ఆరిపోయాయి. ఇప్పుడు మాట్లాడకపోతే, ఉన్న ఆ ఒక్క తంత్రి కూడా బిగుసుకుపోతుంది. ఇంకో రెండు మూడు నెలలే, సార్, ఆ తరవాత నేను చేయగలిగిందేం ఉండదు. ఎదురుగా మనిషి ఉండి, విని, బదులు చెప్పాలి. గోడతో మాట్లాడితే గొంతు రాదు.”

గోడ అన్నప్పుడు నావైపు చూసింది. ఈకాలం పిల్లలకి పెద్దంతరం చిన్నంతరం లేదు.

దారిలో ఆవిడ మాట్లాడుతుందేమోనని చూశాను. మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు, ట్రాఫిక్ ఎక్కువగా ఉంది.

జూన్ 11

పోయిన డేటా తీసిపెట్టే దుకాణం ఒకటి దొరికింది. మెట్ల కింద చిన్న గది. నడుపుతున్న మనిషికి రెండు జతల కళ్ళజోళ్ళు, ఒకటి నుదుటి మీద, ఒకటి ముక్కు మీద. డిస్క్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఒక్క టిక్కు విని కేబుల్ పీకేశాడు.

“ఎన్నిసార్లు పెట్టి చూశారు?”

“ఓ నాలుగైదుసార్లు.” (రోజుకి అని చెప్పలేదు.)

“ఇక పెట్టకండి. చదివే ముల్లు విరిగి పళ్ళెం మీద గీసుకుంటోంది. పెట్టినప్పుడల్లా కాస్త గీకేస్తుంది. నావల్ల కాదు, ల్యాబ్‌కి పంపాలి. రావచ్చు, రాకపోవచ్చు, డబ్బు మాత్రం ముందే కట్టాలి. అన్నీ రాకపోయినా ఏది ముందు తియ్యమంటారు? ఫోల్డరు పేరు చెప్పండి, రాసుకుంటా.”

“చెత్త.”

తలెత్తి ముక్కు మీది అద్దాల్లోంచి ఒకసారి, నుదుటి మీదివి దించుకుని ఒకసారి చూశాడు.

“పేరే అది” అన్నాను.

“కింద పడిందా?”

“లేదు.”

ఆలోచించుకుని చెబుతానని డిస్క్ వెనక్కి తెచ్చేసుకున్నాను. ఒకసారి పంపించేస్తే, రాలేదని తేలిపోయే రోజు కూడా వస్తుంది కదా. బల్ల సొరుగులో, చేతిరుమాల్లో చుట్టి పెట్టాను.

జూన్ 13

పంపాలా వద్దా.

జూన్ 14

సొరుగు తీసి చూశాను. ఉంది.

గంట వినపడటం లేదు ఈమధ్య. ఆవిడకి నిద్ర బాగా పడుతోందనుకుంటాను. మంచిదే.

జూన్ 16

సొరుగు ఖాళీ.

రుమాలు మడతపెట్టి ఉంది. ఇల్లంతా వెతికాను. ఫ్రీజర్ కూడా చూశాను. ఆవిడ వరండాలో బట్టలు ఆరేస్తోంది. అడుగుదామని వెళ్ళి, అడగలేక వచ్చేశాను. ఏముంది అందులో అంటే ఏం చెప్పను?

సాయంత్రం బావమరిది హుషారుగా వచ్చాడు. చేతిలో మెరిసే పెట్టె.

“బావా! నోరు తీపి చెయ్యాలి నువ్వు! పాతది తీసుకుని కొత్తది ఇచ్చేశారు. రూపాయి అడగలేదు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు కూడా. కంపెనీ అంటే అదీ!”

“పాతది?”

“వాళ్ళే ఉంచేసుకుంటారు. నా ముందే మిషన్లో వేసి నలిపేశారు. ఎవడి చేతిలోనూ పడకూడదట, అంత జాగ్రత్త! నీ గుట్టు ఎక్కడా బయటపడదులే.”

వాడి మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. వాడి జన్మలో మొదటిసారి వాడు చేయించిన పని ఒకటి సవ్యంగా జరిగింది. ఎవరు ఇవ్వమన్నారురా అని అడిగాను.

“అక్క.”

జూన్ 17

మాట్లాడలేదు. ఇద్దరమూ.

జూన్ 18

కింద పడిందని ఇంతవరకు ఇందులో రాయలేదు. నా డైరీకే నేను అబద్ధం చెప్పుకున్నాను, ఇంక కళ్ళజోడాయన లెక్కేమిటి.

ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం సామాన్ల గదిలో తలుపేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పని అని చెప్పేవాణ్ణి. ‘చెత్త’ వినేవాణ్ణి. చదువుతూ చదువుతూ మధ్యలో ఆవిడ ఆగి, “ఈ రచయితకి ఫుల్‌స్టాప్ అంటే పడదేమోనండీ” అంటుంది. “ఫ్యాన్ వెయ్యండి, చచ్చిపోతున్నా” అంటుంది. ఒక పదం నోరు తిరక్క మళ్ళీ మళ్ళీ పట్టి, పకపకా నవ్వుతుంది. పాఠం కాదు నాకు కావలసింది, అవే. డిస్క్ ఆగిపోయిన రోజు అలాగే వింటుంటే, భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి లేచాను. హెడ్‌ఫోన్ల తీగ చుట్టుకుని డిస్క్ బల్ల మీంచి కింద పడింది.

ఆవిడ వెనక నిలబడి ఉంది. అప్పటికే మూడుసార్లు పిలిచిందట. నాకెలా వినబడుతుంది? నా చెవుల్లో ఆవిడే మాట్లాడుతోంది.

ఇవాళ పొద్దున వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. గంట తెచ్చి మధ్యలో పెట్టింది. ఆగి ఆగి, గాలి కూడదీసుకుంటూ చెప్పింది.

“నేనే ఇచ్చాను. వాడికేం తెలియదు. వాణ్ణేం అనకండి.”

“అందులో ఏముందో తెలిసే ఇచ్చావా?”

“నేనున్నాను. నాకు తెలియదా?”

“మరి…”

“రోజూ వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చునేవారు. తలుపేసుకుని. నేను బయట గంట కొట్టుకుంటూ.” ఆగింది. నీళ్ళు తాగింది. “సవతి అయితే జుట్టు పట్టుకునేదాన్ని. నాతో నేనెలా పోట్లాడను?”

“నువ్వు శ్రమ…”

“ఆ మాట ఇంకోసారి అన్నారంటే ఈ గంట మీ నెత్తిన వేస్తా.”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడం నాకు అలవాటు లేదు, కానీ ఏడ్చాను. నీ గొంతు వింటే నాకు భయంగా ఉందే అన్నాను. విన్న ప్రతిసారీ ఆపరేషన్ గది తలుపు గుర్తొస్తోంది, అందుకే వినకుండా తప్పించుకుంటున్నాను అన్నాను. ఇన్నాళ్ళూ అది నాకే తెలియదు, నోట్లోంచి వచ్చాక తెలిసింది.

ఆవిడ గంటని పక్కకి నెట్టింది.

“నాకు భయం లేదనుకున్నారా?” అంది. “భయంగా ఉందని చెప్పుకోడానికైనా మాట్లాడాలిగా. ఎవరితో మాట్లాడను?”

గంట ఎక్కడ పెట్టిందో తెలియదు. నేను అడగలేదు.

జూన్ 19

ఇవాళ ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో నేను పూర్తి చెయ్యకుండా కూర్చున్నాను. ఒక వాక్యం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయింది. చల్లారినదే తాగాను. కోపం ఇంకా ఉంది నాకు, అది వేరే సంగతి. నలిపేశారట, మిషన్లో.

జూన్ 20

ఉన్నవేవో తెచ్చుకుందామని గ్రంథాలయానికి వెళ్ళాను. ఈసారి చెప్పే వెళ్ళాను. “వెళ్ళండి, వెళ్ళండి” అంది ఆవిడ. మూతి చివర ఒక నవ్వు దాచుకుంది, ఎందుకో అర్థం కాలేదు.

అక్కడ ఒక గదిలో కూర్చోబెట్టి శుభ్రం చేసిన ఫైళ్ళు వినిపించారు. కథల పుస్తకం, చరిత్ర, వ్యాకరణం. ఒక్క దగ్గు లేదు. ఒక్క పేజీ చప్పుడు లేదు. ఎంత విన్నా ఆవిడ ఊపిరి పీల్చలేదు. ఎనిమిదేళ్ళు నా పెళ్ళాం చేత ఊపిరి పీల్చనివ్వకుండా చదివించాను. అంత గొప్ప పనివాణ్ణి నేను. వినలేక హెడ్‌ఫోన్లు తీసేశాను.

వెళ్ళిపోతూ కాపీలు ఎప్పుడిస్తారని టెలిఫోన్ దగ్గర కూర్చునే అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయికి చూపు లేదు. ఈ పుస్తకాలు వినే చదువుకుని, ఇక్కడే ఉద్యోగంలో చేరిందట. నా మాట వినగానే తల పక్కకి వంచింది.

“మీరు… ‘చూస్తాలే’ సార్ కదూ?”

“ఎవరు?”

“అయ్యో, సారీ సార్!” నోటి మీద చెయ్యేసుకుని నవ్వేసింది. “అర్థశాస్త్రం సార్. ఐదో పాఠం. ‘ఏమండీ, పాలు.’ ‘చూస్తాలే, నువ్వు చదువు.’ మా హాస్టల్లో అందరికీ నోటికొచ్చు. ఎవరైనా పని ఎగ్గొడితే చాలు, ‘చూస్తాలే సార్ వచ్చాడే’ అనేవాళ్ళం. పరీక్షల ముందు బుర్ర వేడెక్కితే ఆ పాఠమే పెట్టుకునేవాళ్ళం సార్. అది వింటే ఇంట్లో ఉన్నట్టుండేది.”

ఒక పాఠానికి శుభ్రం చేసిన ఫైలు బదులు చెత్త ఫైలు పంపేశాను. నేను! ఏళ్ళ క్రితం. ఎవరూ చెప్పలేదు.

“ఎందుకు చెప్పలేదమ్మా నాకు?”

“పాఠం చదివిన మేడమ్‌కి తెలుసు సార్. అప్పట్లోనే చెప్పాం. మీకు చెప్పొద్దన్నారు. చెబితే కోసేస్తారట.”

జూన్ 21

ఐదో పాఠం. గిరాకీ, సరఫరా. ఆ ఒక్క ఫైలూ నిన్ననే అడిగి వెంట తెచ్చేసుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క కోత లేకుండా. ఆవిడా నేనూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని విన్నాం. హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు.

“గిరాకీ పెరిగి, సరఫరా స్థిరంగా ఉన్నప్పుడు… ఏమండీ, పాలు.”

“ఊఁ.”

“పొయ్యి మీద పెట్టొచ్చాను. పొంగుతాయి.”

“చూస్తాలే. నువ్వు చదువు.”

“సరఫరా స్థిరంగా ఉన్నప్పుడు, ధర… వాసనొస్తోందండీ.”

“చూస్తాలే అన్నానుగా!”

ఒక నవ్వు. ఎంత హాయిగా నవ్విందో. తరవాత కుర్చీ కిర్రుమంది, అడుగులు, తలుపు. దూరంగా గిన్నె చప్పుడు, “రామ రామ, అంతా పోయింది” అని గొణుగుడు. మైకు దగ్గర మాత్రం నేను ఈల వేసుకుంటున్నాను. నిజంగా ఈల వేసుకుంటున్నాను! పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంటే. మళ్ళీ అడుగులు. కుర్చీ. గట్టిగా పీల్చిన ఊపిరి ఒకటి.

“ఎక్కడ ఆపాను? ఆఁ… ధర పెరుగుతుంది.”

నేను విందామనుకున్నది ఆవిడ గొంతు. వినబడింది నా గొంతు. ఆవిడ అప్పుడూ ఒకటికి మూడుసార్లు పిలిచింది. అప్పుడు మంచి గొంతే ఉంది కదా, నేను లేచానా?

ఆ మాట పైకి అన్నాను. ఆవిడ కాదనలేదు.

“ఆ గిన్నె ఇంకా నల్లగానే ఉంది” అంది, ఆ గరుకు గొంతుతోనే. “ఎంత తోమినా పోలేదు.”

వెళ్ళి గిన్నె తీసి చూశాను. నిజమే.

జూన్ 23

సామాన్ల గది తుడిచాం. థెరపిస్టు రోజూ పైకి చదవమంది కదా, అదేదో మైకు ముందే చదువుతానంది ఆవిడ. ఎవరి కోసమని అడిగాను. “ముందు మన కోసం” అంది.

ఒక పేజీ చదవడానికి మధ్యాహ్నం సగం పట్టింది. మధ్యమధ్య ఆగింది, దగ్గింది, నన్ను తిట్టింది, నీళ్ళు అడిగింది. వాక్యానికి ముందు ఒకసారి, మధ్యలో రెండుసార్లు గాలి పీల్చింది. తెర మీద గీతలు చూస్తుంటే చెయ్యి దానంతటదే కోతకి వెళ్ళింది.

“కొయ్యకండి.”

“కొయ్యట్లేదు.”

“చూస్తున్నా.”

వినగా వినగా తెలుస్తోంది, గరుకు కింద పాత యాస అలాగే ఉంది. ‘కదూ’ అనేటప్పుడు చివర ఒక చిన్న మెలిక తిప్పుతుంది, అది ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్ళూ వినలేదు కాబట్టి తెలియలేదు. భయం మాత్రం పూర్తిగా పోలేదు నాకు.

కొత్త డిస్క్‌లో పెట్టాను. ఫోల్డరుకి ఏం పేరు పెట్టమంటావ్ అని అడిగాను.

“‘చెత్త’ అనే పెట్టండి. మీరు ప్రాణంలా దాచుకునేది అదేగా.”

రెండో కాపీ బావమరిది ఇంట్లో ఉంటుంది. వాడికి కంపెనీ మీద ఉన్న భక్తి చూస్తే అదీ ప్రమాదమే.

జూన్ 25

పాత రివ్యూ కొట్టేసి మళ్ళీ రాశాను. ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను.

‘డిస్క్ బాగానే పనిచేసింది. నా వల్లే కింద పడి విరిగింది, తప్పు కంపెనీది కాదు. ఫ్రీజర్‌లో పెట్టినా లాభం లేదు, ఎవరూ పెట్టకండి. మార్చి కొత్తది ఇచ్చారు, మా బావమరిదికి మంచినీళ్ళు కూడా ఇచ్చారట. కొత్తది ఖాళీగా వస్తుంది, అది ముందే తెలుసుకోవాలి. మీరు అందులో దాచుకున్న మనిషి ఇంట్లోనే ఉంటే, ముందు వెళ్ళి ఆ మనిషితో మాట్లాడండి. మూడు నక్షత్రాలు.’

అప్పుడే ఇద్దరు ‘ఉపయోగపడింది’ అని నొక్కారు. ఒకడెవడో కింద, ‘అయితే నీలం లైటు సంగతేంటి?’ అని అడిగాడు. వాడికి తీరిగ్గా జవాబివ్వాలి, ఈ లైటు గురించి నాకు చాలా

వంటింట్లోంచి పిలుస్తోంది. “ఏమండీ, పాలు.”

ఒక్కసారే పిలిచింది. వినబడింది. లేస్తున్నాను.